ఎడమ బాక్సు ఎందుకు మూగబోయింది? స్టీరియో యాంప్లిఫయర్ లోపలి తర్కం

పాట నడుస్తూండగా ఎడమవైపు స్పీకరు బాక్సు ఆగిపోయి, కుడివైపుది మాత్రం మోగుతూ ఉంటే, చాలా ఇళ్లలో జరిగే మొదటి చికిత్స యాంప్లిఫయర్ నెత్తిన రెండు దెబ్బలు వేయడం. ఆ దెబ్బకు పాట తిరిగి వచ్చిందా లేదా అన్నది నిజానికి ఒక పరీక్ష ఫలితమే గానీ, దాన్ని అలా చదివేవారు తక్కువ. స్టీరియో యాంప్లిఫయర్‌లో అచ్చంగా ఒకే రకం యాంప్లిఫయర్లు రెండు ఉంటాయి. ఒకటి చెడిపోయినప్పుడు, అది సరిగ్గా ఉంటే ఎలా ఉండేదో చూపించే జత దాని పక్కనే, అదే సరఫరా మీద పనిచేస్తూ ఉంటుంది. మిక్సీకో టీవీకో ఈ సౌకర్యం లేదు. రెండు ఛానళ్లకూ (ఎడమ, కుడి దారులకు) ఉమ్మడిగా ఉన్నవేవి, దేని వాటా దానికి ఉన్నవేవి అని ముందే విడదీసుకుంటే, సర్క్యూట్ పటం చేతిలో లేకపోయినా లోపం సుమారుగా ఎక్కడుందో మీటరు బయటికి తీయకముందే తెలిసిపోతుంది.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే దుకాణాల్లోనూ, అలాంటి ఇతర బజార్లలోనూ ఏళ్ల తరబడి అమ్ముడవుతున్న ఒక చిన్న యాంప్లిఫయర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. మధ్య తీగకు రెండువైపులా 12 వోల్టుల చొప్పున ఇచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, నాలుగు డయోడ్లు, 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు రెండు, ఒకే వాల్యూమ్ కంట్రోల్, ఛానల్‌కు ఒకటి చొప్పున యాంప్లిఫయర్ పని చేసే టీడీఏ 2030 ఐసీలు (చిప్పులు) రెండు, వాటి వేడిని లాగేందుకు బిగించిన ఒక అల్యూమినియం హీట్ సింక్: ఇంతే సామాను. దీన్ని ఉమ్మడి కుటుంబంతో పోల్చవచ్చు. వంటిల్లు ఒక్కటే, గదులు వేరు. ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, పెద్ద కెపాసిటర్లు వంటిల్లు. ఐసీలూ వాటి చుట్టూ ఉన్న చిన్న విడిభాగాలూ గదులు. వంటింట్లో పొయ్యి వెలగకపోతే ఇద్దరికీ పస్తే. కాబట్టి రెండు బాక్సులూ ఒకేసారి మూగబోయినా, రెండింట్లోనూ ఒకేలా గుయ్యిమని మోత వచ్చినా ముందు చూడవలసింది సరఫరానే. ఒక్కదానికే జబ్బు చేస్తే సరఫరాను అనుమానించి కెపాసిటర్లు మార్చడం డబ్బు దండగ.

ఆ వంటింటి లెక్క కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ రకం యాంప్లిఫయర్ల ఆయుష్షు చాలావరకు అక్కడే తేలుతుంది. 12 వోల్టుల ఏసీ అంటే ఆర్‌ఎంఎస్ కొలత, అంటే అంతే వేడి పుట్టించే డీసీకి సమానమైన విలువ; దాని శిఖరం 1.414 రెట్లు, అంటే సుమారు 17 వోల్టులు. డయోడ్‌లో పోయే 0.7 తీసివేస్తే కెపాసిటర్ మీద ఒకవైపు దాదాపు ప్లస్ 16, మరోవైపు మైనస్ 16 వోల్టులు నిలుస్తాయి. టీడీఏ 2030 తట్టుకునే గరిష్ఠం ప్లస్ మైనస్ 18. చూడటానికి రెండు వోల్టుల వెసులుబాటు ఉన్నట్టే ఉంటుంది. కానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు రాసిన దానికంటే ఎక్కువే ఇస్తాయి. పైగా రాత్రి పొద్దుపోయాక వాడకం తగ్గి లైను వోల్టేజి 250 దాకా పోయే ఊళ్లలో ఆ రెండు వోల్టులూ మిగలవు. పాట ఆపేసి యాంప్లిఫయర్‌ను ఆన్‌లోనే వదిలేసిన రాత్రే ఐసీ పోవడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. అదే కుటుంబంలోని 2030ఏ రకం ప్లస్ మైనస్ 22 వోల్టుల వరకు తట్టుకుంటుంది గనుక, మార్చేటప్పుడు చివర 'ఏ' ఉన్నదాన్ని అడిగి తీసుకోవడం చిన్న జాగ్రత్తే అయినా విలువైనది.

మోత సంగతీ సరఫరాతో ముడిపడినదే. మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగు డయోడ్లూ పనిచేస్తూ ఉంటే రెండు అర్ధభాగాలూ వాడుకలోకి వస్తాయి కనుక కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది. ఆ మధ్యలో, సెకనులో నూరో వంతు కాలంపాటు, ఐసీకి కావలసిన కరెంటును కెపాసిటరే భరించాలి. ఒక ఆంపియరు లాగితే 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మీద వోల్టేజి ఆ వ్యవధిలో సుమారు రెండు వోల్టులు జారుతుంది. ఏళ్లు గడిచి లోపలి ద్రవం ఎండి, ఆ కెపాసిటర్ సామర్థ్యం నాలుగో వంతుకు పడిపోతే జారుడు ఎనిమిది వోల్టులు దాటుతుంది. అప్పుడు వినిపించేది 100 హెర్ట్జ్ మోత. గాలిలోంచో, ఎర్తు సరిగా లేని షీల్డు వైరులోంచో దూరేది 50 హెర్ట్జ్. సంగీతం తెలిసినవారికి ఈ తేడా సులువుగా దొరుకుతుంది: రెండోది మంద్రంలో ఊఁ అన్నట్టుంటుంది, మొదటిది సరిగ్గా ఒక స్థాయి పైన, కాస్త గరగరతో ఉంటుంది. చెవి మీద నమ్మకం లేకపోతే వాల్యూమ్‌ను పూర్తిగా సున్నాకు తిప్పితే చాలు. మోత అలాగే ఉంటే అది వాల్యూమ్ కంట్రోల్ తరవాతి భాగంలోనిది, అంటే చాలామటుకు సరఫరాది. మోత కూడా తగ్గిపోతే అది వెనక సాకెట్ల వైపునుంచి వస్తున్నది. ఫోను ఛార్జరు పెట్టి ఉన్నంతసేపే మోత వస్తోందంటే యాంప్లిఫయర్ విప్పనవసరమే లేదు; ఛార్జరు తీసి చూడాలి.

యాంప్లిఫయర్ చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తుందని చెప్పడం వాడుకలో చెల్లుతుంది గానీ, లోపం వెతికేవారిని అది తప్పుదారి పట్టిస్తుంది. బాక్సును కదిలించే శక్తి ఫోనులోంచి రాదు. అంతా ట్రాన్స్‌ఫార్మర్‌లోంచే వస్తుంది. ఫోను సిగ్నల్ చేసే పని చెరువు తూము దగ్గర మనిషి చేసే పనే: నీరు అతనిది కాదు, ఎప్పుడు ఎంత వదలాలన్న ఆజ్ఞ మాత్రమే అతనిది. ఐసీలో ఈ తూములు రెండు, రెండూ ట్రాన్సిస్టర్లే. ఒకటి ప్లస్ 16 నుంచి బాక్సులోకి కరెంటు వదులుతుంది, రెండోది బాక్సులోంచి మైనస్ 16 వైపు లాగుతుంది. రెండూ వంతులవారీగా పనిచేస్తాయి. ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి 0.6 వోల్టులదాకా కావాలి కనుక, వంతు మారే క్షణంలో రెండూ నిద్రపోతే శబ్దంలో చిన్న గంటు పడుతుంది; తక్కువ వాల్యూమ్‌లో గొంతు గీసుకుపోయినట్టు వినిపించే దోషం ఇదే. అందుకే ఏమీ మోగనప్పుడు కూడా రెండు తూములనూ కాస్త తెరిచి ఉంచుతారు. 2030లో ఇలా ఊరికే పారే కరెంటు 40 నుంచి 60 మిల్లీ ఆంపియర్లు, అంటే ఒక్కో ఐసీలో ఒకటిన్నర, రెండు వాట్ల వేడి. పాట లేకపోయినా హీట్ సింక్ గోరువెచ్చగా ఉండటం ఆరోగ్య లక్షణమే. చెయ్యి పెట్టలేనంత కాలడం కాదు.

ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించేది ఐసీ కాదు, దాని పక్కనున్న రెండు రెసిస్టర్లు. 1927లో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్‌కు తట్టిన ఆలోచన ఇది: అవసరానికి మించి ఎన్నో రెట్లు పెంచగల యాంప్లిఫయర్‌ను కట్టి, బయటికి వచ్చినదాంట్లో కొంత భాగాన్ని తిప్పి లోపలికి పంపి, వచ్చిన సిగ్నల్‌తో పోల్చుకుంటూ తప్పు దిద్దుకొమ్మనడం. ఐసీ కంపెనీ చూపించిన సర్క్యూట్‌లో 22 కిలో ఓములు, 680 ఓముల జత ఉంటుంది. ఒకదాన్ని మరొకదానితో భాగించి ఒకటి కలిపితే పెంపు సుమారు 33 రెట్లు. ఆ 680 ఓముల కాలికి వరసగా 22 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది. ఎవరి కంటా పడని ఈ రూపాయి వస్తువు చేసే అల్లరి గురించి కొంచెం చెప్పుకోవాలి. డీసీ అంటే సున్నా హెర్ట్జ్ దగ్గర అది దారి మూసేసి, పెంపును ఒక్క రెట్టుకు దించుతుంది. దాదాపు 11 హెర్ట్జ్ పైన దారి వదిలి 33 రెట్లు పెంచనిస్తుంది. హీట్ సింక్ వేడి పక్కనే ఉండి అది ఎండి 2 మైక్రోఫారడ్లకు చేరితే ఆ 11 కాస్తా 110 దాటుతుంది. అప్పుడు ఆ ఒక్క ఛానల్‌లో డప్పు, మృదంగం తొప్పి పలచబడిపోయి, గొంతూ వయొలినూ మాత్రం నిక్షేపంగా ఉంటాయి. బాక్సులో వూఫర్ (మంద్ర శబ్దాల స్పీకరు) పోయిందని మార్చేవారు చాలామంది. అది పూర్తిగా తెగిపోతే ఇంకో వింత: అన్ని స్థాయుల్లోనూ పెంపు ఒకటికి పడుతుంది, 24 డెసిబెల్స్, అంటే సుమారు 16 రెట్ల కంటే తక్కువ పెంపుతో ఈ ఐసీ నిలకడగా ఉండలేదు గనుక, చెవికి అందని పౌనఃపున్యంలో తనలో తానే ఊగిపోతూ శబ్దం లేకుండా మాడిపోతుంది. ఔట్‌పుట్ దగ్గర ఒక ఓము రెసిస్టర్‌తో కలిపి పెట్టే 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఊడినా ఇలాంటి ఊగిసలాటే రావచ్చు.

ఇప్పుడు వెతుకులాట. బయటే మొదలుపెట్టాలి. వెనక సాకెట్లలో ఎడమ, కుడి పిన్నులను ఒకదాని చోట ఒకటి పెట్టి చూడాలి. మౌనం కుడివైపుకు మారితే లోపం ఫోనులోనో వైరులోనో ఉంది. నూటికి చాలాసార్లు పిన్ను మెడ దగ్గర వైరు లోపల తెగి ఉంటుంది. ఎడమనే ఉండిపోతే యాంప్లిఫయర్ గానీ బాక్సు గానీ. సహజంగా తోచే తరవాతి పని బాక్సుల వైర్లు మార్చడం. ఇక్కడే ఆగాలి. మార్చే ముందు మీటరును డీసీలో పెట్టి, బాక్సు వైరు విప్పి, మూగబోయిన ఛానల్ ఔట్‌పుట్ మీద కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న ఛానల్‌లో అక్కడ పదుల మిల్లీవోల్టులకు మించి ఉండదు. ఐసీలో ఒక తూము తలుపు తెరుచుకునే ఉండిపోతే అక్కడ 15, 16 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది. 8 ఓముల బాక్సు కాయిల్ డీసీకి 6 ఓములే. 16 వోల్టులకు రెండున్నర ఆంపియర్ల పైన, 40 వాట్లకు పైగా వేడి, కదలిక లేని కాయిల్‌లో నిరంతరం పుడుతుంది. కోన్ ముందుకో వెనక్కో పొడుచుకుని అలాగే నిలిచిపోతుంది, కాసేపటికి కమురు వాసన వస్తుంది. ఎడమ బాక్సు మూగబోయింది అలాగే అయితే, పరీక్ష పేరుతో కుడి బాక్సును తెచ్చి అక్కడ తగిలించడమంటే ఉన్న ఒక్క సాక్షినీ చేతులారా పోగొట్టుకోవడమే.

డీసీ లేదని తేలాక బాక్సులు మార్చుకోవచ్చు. మూగగా ఉన్న ఎడమ బాక్సు కుడి ఛానల్ మీద మోగితే జబ్బు యాంప్లిఫయర్ ఎడమ ఛానల్‌దే. అప్పుడు మూత తీసి, దారిని సగానికి చీల్చాలి. దానికి సరైన చోటు వాల్యూమ్ కంట్రోల్. ఒకే కడ్డీ మీద రెండు కార్బన్ పట్టీలుండే ఈ విడిభాగం సాకెట్లకూ ఐసీలకూ నడుమ కూర్చుని ఉంటుంది. దాని మధ్య కాళ్లనుంచి బోర్డుకు వెళ్లే రెండు వైర్లను తారుమారు చేస్తే, మౌనం పక్కకు జరిగిందా ఉన్నచోటే ఉందా అన్నదాన్నిబట్టి వెతకవలసిన భాగం సగమైపోతుంది. పాతతరం మెకానిక్కులు స్క్రూడ్రైవర్ మొనను ఇన్‌పుట్ కాలికి ఆనించి, లోహాన్ని వేలితో తాకి, బాక్సులో భుమ్మని వస్తుందా అని చూసేది కూడా ఇందుకే. ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టులు వచ్చే వైపు పొరపాటున కూడా చెయ్యి పోనివ్వని వారికే ఆ పద్ధతి.

జత ఉన్న అసలు ప్రయోజనం కొలతల్లో తెలుస్తుంది. మీటరు నల్ల కర్రను మధ్య ఎర్తుకు (ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ కలిసే చోటుకు) పెట్టి, ఎర్రదాన్ని మంచి ఐసీ అయిదు కాళ్ల మీద ఒక్కొక్కటిగా ఆనించి కాగితం మీద రాసుకోవాలి. అయిదో కాలు ప్లస్ 16, మూడోది మైనస్ 16, మిగతా మూడూ సున్నా దగ్గర. ఆ పక్కనే చెడ్డదానివి రాయాలి. అయిదో కాలికి ప్లస్ రాకపోతే ఐసీని తిట్టుకోనవసరం లేదు, బోర్డు మీద రాగి పట్టీ ఎక్కడో తెగింది. సరఫరా రెండువైపులా వచ్చి నాలుగో కాలు మాత్రం ఒక అంచుకు అతుక్కుపోతే ఐసీ పోయింది. అన్ని కొలతలూ జతతో సరిపోతున్నా పాట లేకపోతే సిగ్నల్ దారిలో ఏదో తెగింది. అక్కడ మీటరు కంటే భూతద్దం మేలు. సాకెట్ కాళ్ల చుట్టూ, వాల్యూమ్ కాళ్ల చుట్టూ సోల్డరింగ్‌లో వెంట్రుకంత సన్నని వలయంలాంటి పగులు కనిపిస్తుంది. రోజూ పిన్ను గుచ్చి లాగే బలమంతా ఆ వలయం మీదే పడుతుంది. మొదట్లో చెప్పిన దెబ్బకు పాట తిరిగి వచ్చిందంటే దొరకవలసింది ఇదే. దెబ్బకు లొంగని జబ్బు ఐసీదో కెపాసిటర్‌దో.

జత కూడా మోసం చేసే చోటు ఒకటుంది. 2030 వెనక లోహపు రేకు లోపల మూడో కాలితో, అంటే మైనస్ సరఫరాతో కలిసి ఉంటుంది. రెండు ఐసీలనూ ఒకే హీట్ సింక్‌కు నేరుగా బిగించినా వాటికవి గొడవపడవు, ఎందుకంటే రెండిటి మైనస్ ఒక్కటే. కానీ అప్పుడు హీట్ సింక్ మొత్తం మైనస్ 16 వోల్టుల మీద ఉంటుంది; అది ఎర్తు చేసిన ఇనుప క్యాబినెట్‌కు ఒక స్క్రూ ద్వారా తగిలినా సరఫరా షార్టై, రెండు ఛానళ్లూ ఒకేసారి పోయి, ఫ్యూజు ఎగిరిపోతుంది. లక్షణం సరఫరాది, కారణం గదిలోది. అందుకే మధ్యలో మైకా బిళ్ల. ఒకప్పుడు గూడూరు గనులనుంచి నెల్లూరు అభ్రకం పేరుతో దేశాలు దాటిన ఖనిజమే ఇది. పలుచగా ఉండి కూడా కరెంటును ఆపి వేడిని మాత్రం కొంతవరకు పోనిచ్చే గుణం దీనిది. బిళ్లకు రెండువైపులా తెల్లటి పేస్టు పలుచగా రాయాలి, స్క్రూకు ప్లాస్టిక్ పూస మరవకూడదు.

కారు స్టీరియోల నుంచి ఇళ్లకు వచ్చిన 4440 ఐసీ సంగతి వేరు. సాన్యో సంస్థ తయారుచేసిన ఆ ఐసీలో రెండు ఛానళ్లూ ఒకే ఒంట్లో ఉంటాయి, సరఫరా 12 వోల్టుల ఒక్క ప్లస్సే. మైనస్ లేదు కనుక ఔట్‌పుట్ సరఫరాలో సగం దగ్గర, అంటే సుమారు 6 వోల్టుల మీద విశ్రాంతి తీసుకుంటుంది. ఆ డీసీ బాక్సుకు చేరకుండా 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అడ్డం ఉంటుంది. ఇక్కడ రెండు ఔట్‌పుట్ కాళ్లూ సగం దగ్గర ఉన్నాయా అన్నదే ముఖ్యమైన కొలత. ఒకవైపు బేస్ తగ్గితే అనుమానం ఆ పెద్ద కెపాసిటర్ మీదికి పోవాలి. ఒక ఛానల్ నిజంగా కాలిపోతే మాత్రం రెండోది బాగున్నా ఐసీ మొత్తం మార్చక తప్పదు.

వాల్యూమ్ తిప్పుతుంటే వచ్చే కరకర చాలాసార్లు దుమ్మే, క్లీనర్ చుక్కతో పోతుంది. శుభ్రం చేసిన వారంలోనే తిరిగి వస్తే కంట్రోల్ మార్చినా ఫలితం ఉండదు. దాని ముందో వెనకో ఉన్న కెపాసిటర్ కారి పట్టీ మీదికి డీసీ వస్తోంది. బాగా తక్కువ వాల్యూమ్‌లో ఒక బాక్సు కాస్త ముందుగా మొదలవడం మటుకు జబ్బు కాదు, రెండు పట్టీలూ మొదట్లో అచ్చంగా ఒకేలా లేకపోవడమే.

ఇక వాట్ల మాట. ప్లస్ మైనస్ 16 మీద ఐసీ సుమారు 13 వోల్టుల శిఖరం దాకా ఊగగలదు. 8 ఓముల బాక్సుకు అది ఛానల్‌కు పదిన్నర వాట్లు. ఇంతకు మించి ఏ నాబ్ తిప్పినా రాదు. 33 రెట్ల పెంపుకు 0.4 వోల్టుల శిఖరం వస్తే చాలు ఈ హద్దు చేరడానికి, ఫోను అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు. అందుకే వాల్యూమ్ సగం దాటగానే గొంతు పగిలితే అది లోపం కాదు, హద్దు. ఇలాంటి క్యాబినెట్ మీదే పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్) అని రాసి పక్కన వెయ్యి అంకె వేయడం పచ్చి మోసం. వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఎంత బరువుందో చూస్తే నిజం తెలుస్తుంది. శబ్దం చాలలేదని పండగకు మరో బాక్సు తెచ్చి అదే తీగలకు కలిపితే 8 ఓములు 4 అవుతుంది. ఐసీ భరించవలసిన గరిష్ఠ వేడి ఆరున్నర వాట్ల నుంచి 13కు పెరుగుతుంది. మూడోది, నాలుగోది కలిపితే ఐసీ తన రక్షణతో తానే ఆగి ఆగి మోగుతుంది. అయిదు నిమిషాలు పాడి, ఆగి, చల్లారాక మళ్లీ పాడే యాంప్లిఫయర్ గురించి ముందు అడగవలసింది దానికి ఎన్ని బాక్సులు కట్టారని.

ఐసీ మార్చాక నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును వరసలో కలిపిన సిరీస్ బోర్డు ద్వారా ఇవ్వాలి; ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఎక్కడ షార్టు ఉన్నా ఆ బల్బు కరెంటును సుమారు పావు ఆంపియరు దాటనివ్వదు. స్విచ్ వేయగానే అది ఒక్క క్షణం మెరిసి, కెపాసిటర్లు నిండగానే మందగిస్తే సరఫరా బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి మైకానూ డయోడ్లనూ మళ్లీ చూసుకోవాలి. విప్పే ముందు పెద్ద కెపాసిటర్లను 100 ఓముల రెసిస్టర్‌తో ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్‌తో టప్పున మెరిపించడం కెపాసిటర్‌కూ స్క్రూడ్రైవర్‌కూ రెంటికీ చేటే. బల్బు మందగించాక బాక్సులు తగిలించకుండానే రెండు ఔట్‌పుట్ల మీద డీసీ కొలవాలి. ఎడమ 18 మిల్లీవోల్టులు, కుడి 11 అన్నట్టు రెండూ ఇంచుమించుగా వస్తే సిరీస్ బోర్డు తీసేసి, ముందు ఎడమ బాక్సు తగిలించి, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా తిప్పవచ్చు.